గాయం ఉంది, కాగితం లేదు: అమెరికాలో పాత యుద్ధాల పతకాల కోసం రికార్డుల సవరణ

అమెరికా సైన్యం నుంచి బయటికి వచ్చే ప్రతి సైనికుడి చేతిలో ఒక కాగితం పెడతారు. దాని పేరు డీడీ ఫారం 214. 1950 నుంచి నడుస్తున్న పత్రం ఇది. ఆ తర్వాతి జీవితంలో ఇంటి లోనుకు వెళ్లినా, మాజీ సైనికుల ఆస్పత్రికి వెళ్లినా, ఆఖరికి జాతీయ శ్మశానంలో ఆరడుగుల చోటు అడిగినా ముందు చూసేది దాన్నే. అందులో పతకాల కోసం ఒక గడి ఉంటుంది. ఇప్పటి ఫారంలో అది 13వ గడి, పాత ఫారాల్లో నంబరు వేరు. ఆ రోజుల్లో ఆ గడి నింపింది డిశ్చార్జి కేంద్రంలో టైపు మిషన్ ముందు కూర్చున్న గుమాస్తా. అతని ముందున్న ఫైల్లో ఏముంటే అదే అందులోకి ఎక్కేది, ఫైలు సగమే వచ్చి ఉంటే గడి కూడా సగమే నిండేది. వియత్నాం నుంచి విమానం దిగి, ఎప్పుడెప్పుడు యూనిఫాం విప్పేసి ఇంటికి పోదామా అని చూస్తున్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ గడిని వేలు పెట్టి చదివి సంతకం చేస్తాడా? చాలామంది చేయలేదు.

నలభై ఏళ్లు గడిచాక, పింఛను పనికో వైకల్య భత్యం పనికో ఆ కాగితం మళ్లీ బయటికి తీసినప్పుడు తెలుస్తుంది, కాల్లో ఇంకా తూటా ముక్క ఉంది గానీ ఫారంలో యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం లేదని. అప్పుడు మొదలయ్యే పని సైనిక రికార్డుల సవరణ. ఇక్కడే ఎక్కువమంది ఒక పొరపాటు చేస్తారు. తాము యుద్ధంలో ఎంత కష్టపడ్డామో, ఎంత ధైర్యం చూపించామో ఆ సవరణలు చేసే బోర్డుకు చెప్పుకోవాలనుకుని పేజీలకు పేజీలు రాస్తారు. బోర్డు తేల్చేది ధైర్యం సంగతి కాదు. రికార్డులో తప్పు ఉందా, అన్యాయం జరిగిందా, దాన్ని చూపించే కాగితం ఏది, ఈ మూడే. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ ఈ ఒక్క సంగతి ముందే అర్థమైతే ఏళ్ల తరబడి తిరిగే తిరుగుడు తగ్గుతుంది.

పతకాలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని హక్కుగా వచ్చేవి. ఫలానా చోట, ఫలానా తేదీల మధ్య, ఫలానా యూనిట్‌లో ఉన్నానని రుజువైతే చాలు, ఇవ్వాల్సిందే, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఇంకొన్ని ఎవరో ఒక అధికారి చూసి, రాసి, పైకి పంపి, పైవాళ్లు ఒప్పుకుంటేనే వచ్చేవి. శౌర్యానికి ఇచ్చే సిల్వర్ స్టార్, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, అన్నిటికంటే పైదైన మెడల్ ఆఫ్ ఆనర్ ఈ రెండో రకం. మొదటి రకం తప్పిపోతే అది గుమాస్తా పొరపాటు, సరిదిద్దడం సులువు. రెండో రకానికి దారే వేరు. రెండిటినీ ఒకే దరఖాస్తులో కలిపి, ఒకే గొంతుతో అడిగితే సులువుగా రావాల్సినవి కూడా ఆలస్యమవుతాయి.

మొదటి రకంలో విచిత్రమైన సంగతి ఏంటంటే, చాలా సందర్భాల్లో గుమాస్తా తప్పు కూడా ఉండదు, డిశ్చార్జి నాటికి ఆ పతకమే పుట్టి ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన పదాతి సైనికులకు కంబాట్ ఇన్‌ఫంట్రీమ్యాన్ బ్యాడ్జి ఇచ్చారు. 1947లో సైన్యం ఒక నిర్ణయం తీసుకుంది: 1941 డిసెంబరు 7 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య ఆ బ్యాడ్జి గానీ, వైద్య సిబ్బందికి ఇచ్చే కంబాట్ మెడికల్ బ్యాడ్జి గానీ సంపాదించినవాళ్లు బ్రాంజ్ స్టార్ పతకానికి అర్హులు. కానీ 1947 నాటికి లక్షల మంది ఇళ్లకు వెళ్లిపోయి, పొలం పనుల్లోనో ఫ్యాక్టరీల్లోనో పడిపోయారు. అడిగినవాడికే ఇచ్చారు. అడగాలని తెలియనివాడు తెలియకుండానే చనిపోయాడు, అతని బ్రాంజ్ స్టార్ ఇవాళ్టికీ ఎవరూ అడగని బాకీలా ఉండిపోయింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నేవీ, మెరైన్ల కంబాట్ యాక్షన్ రిబ్బన్ 1969లో వచ్చింది, దాన్ని 1941 డిసెంబరు 7 నుంచి వర్తింపజేసే చట్టం 1999లో. యుద్ధ ఖైదీల పతకం 1985లో, అదేమో 1917 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్తుంది. దక్షిణ కొరియా ప్రభుత్వం 1951లోనే ఇస్తానన్న యుద్ధ సేవా పతకాన్ని అమెరికా తీసుకున్నది 1999లో, దాదాపు యాభై ఏళ్ల తర్వాత. వియత్నాంలో పనిచేసిన ఆర్మీ యూనిట్లన్నిటికీ దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్‌ను, అంటే యూనిట్ మొత్తానికి ఇచ్చే గుర్తింపును, 1974లో ఒకే ఉత్తర్వులో ప్రకటించారు, అప్పటికి వాళ్లలో ఎక్కువమంది డిశ్చార్జి కాగితాలు ఎప్పుడో టైపయిపోయాయి. వియత్నాం సర్వీస్ మెడల్ మీద పెట్టుకునే చిన్న కంచు నక్షత్రాలు, అంటే ఒక్కో క్యాంపెయిన్‌కు (యుద్ధంలో ఒక్కో దశకు) ఒక్కొక్కటి, లెక్క తప్పి ఉండటం సర్వసాధారణం. మంచి నడవడికకు ఇచ్చే గుడ్ కండక్ట్ మెడల్ కూడా అంతే, సర్వీసు మొత్తం నడవడిక ‘ఎక్సలెంట్’ అని రాసి ఉంటుంది, పతకం మాత్రం ఉండదు. ఒక్క పతకం కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు, బోర్డు సిబ్బంది ఫైలు తిరగేసి ఇంకో నాలుగైదు కలిపి ఇచ్చిన సందర్భాలు అందుకే కనిపిస్తాయి.

పర్పుల్ హార్ట్ ఈ రెండు రకాలకూ మధ్యలో నిలబడి అందరినీ ఏడిపిస్తుంది. పేరుకి అది హక్కుగా వచ్చేదే, ఎవరూ సిఫార్సు చేయనక్కర్లేదు. కానీ మూడు షరతులున్నాయి: గాయం శత్రువు చర్య వల్లే అయి ఉండాలి, దానికి వైద్య సిబ్బంది చికిత్స చేసి ఉండాలి, ఆ చికిత్స అధికారిక రికార్డులోకి ఎక్కి ఉండాలి. మొదటి రెండూ యుద్ధభూమిలో జరిగేవి. మూడోది జరగాలంటే ఎవరో తీరిగ్గా కూర్చుని రాయాలి. మోర్టార్ ముక్క తొడలో దిగింది అనుకుందాం. మెడిక్ పాక్కుంటూ వచ్చి, ప్యాంటు కత్తిరించి, ముక్క లాగేసి, కట్టు కట్టి, ‘నడవగలవా’ అని అడిగి, ఇంకొకడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజు అతను పదిమందికి కట్లు కట్టి ఉంటాడు, వాళ్లలో హెలికాప్టర్ ఎక్కినవాళ్లకు కాగితం ఉంటుంది, నడుచుకుంటూ మళ్లీ వరుసలోకి వెళ్లినవాడికి ఉండదు. అంటే గాయంతో కూడా అక్కడే ఉండి పోరాడినవాడికే రుజువు తక్కువ. ఇందులో ఉన్న అన్యాయం గురించి ఎంత చెప్పినా తక్కువే.

బోర్డు ఇలాంటి కేసులో ఏం చూస్తుందో దాని తీర్పులు చదివితే తెలిసిపోతుంది, ఒకే వరసలో నడుస్తాయి. వియత్నాం నాటి ఆర్మీ సైనికుడికి డీఏ ఫారం 20 అని ఒక సర్వీసు కార్డు ఉండేది, అందులో 40వ అంశం గాయాలు, 41వ అంశం పతకాలు. 40 ఖాళీగా ఉందా అని చూస్తారు. వియత్నాం క్షతగాత్రుల జాబితాలో పేరుందా అని చూస్తారు. వైద్య ఫైల్లో గాయం ప్రస్తావన ఉందా, డిశ్చార్జి ముందు చేసిన వైద్య పరీక్షలో మచ్చ గురించి ఏమన్నా రాశారా అని చూస్తారు. ఈ నాలుగు చోట్లా ఖాళీ కనిపిస్తే, దరఖాస్తుదారు మాట నిజమే అయినా సరే, ‘ఆధారాలు చాలవు’ అని వస్తుంది. మాజీ సైనికుల శాఖ ఆ గాయానికే నెలనెలా వైకల్య భత్యం ఇస్తున్నా ఫలితం మారకపోవచ్చు, ఎందుకంటే ఆ శాఖ వేరు, సైన్యం వేరు, ఒకరి నిర్ణయానికి ఇంకొకరు కట్టుబడరు. ఈ సంగతి తెలిసి నివ్వెరపోయే కుటుంబాలు ఎన్నో.

మరి అసలు ఫైలే కాలిపోయి ఉంటే? 1973 జులై 12న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గరున్న జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తులో మంటలు లేచాయి. పూర్తిగా ఆర్పేసరికి నాలుగు రోజులు పట్టింది. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 మధ్య డిశ్చార్జి అయిన ఆర్మీ సిబ్బంది ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి 1 మధ్య డిశ్చార్జి అయిన ఎయిర్‌ఫోర్స్ వాళ్లవి, అక్షర క్రమంలో హబ్బర్డ్ అనే ఇంటిపేరు తర్వాతవి, దాదాపు 75 శాతం. మొత్తం మీద కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ తీయలేదు, ఏ ఫైళ్లున్నాయో చెప్పే సూచిక కూడా లేదు. మిగిలిన వాటిలో చాలా భాగం నీళ్లలో నాని, బూజు పట్టి, అంచులు నల్లగా మాడిపోయిన కాగితాలు. వాటిని ఇప్పటికీ చేతి తొడుగులు వేసుకుని ఒక్కో పేజీ విడదీసి చదువుతున్నారు.

అయితే మంటల్లో పోయాయి అన్న జవాబుతో ఆగిపోనక్కర్లేదు. కాలింది ఆ మనిషి ఫైలు. ఆ మనిషి పేరు వేరే ఫైళ్లలో ఉంటుంది. కంపెనీ గుమాస్తా ప్రతి పొద్దునా రాసే మార్నింగ్ రిపోర్టులో ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఎవరు గాయపడి ఆస్పత్రికి వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు అన్నది పేర్లతో సహా ఉంటుంది. జీతాల పట్టీలున్నాయి. సర్జన్ జనరల్ కార్యాలయం వాళ్ల ఆస్పత్రి చేరికల రికార్డులు 1942 నుంచి 1945 వరకు, 1950 నుంచి 1954 వరకు ఉన్నాయి. మేరీల్యాండ్‌లో కాలేజ్ పార్క్‌లో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో వియత్నాం నాటి బెటాలియన్ల రోజువారీ స్టాఫ్ జర్నళ్లు, యుద్ధం తర్వాత రాసిన నివేదికలు ఉన్నాయి, వాటిలో గంట గంటకూ ఏం జరిగిందో కనిపిస్తుంది: ఫలానా సమయానికి మోర్టార్లు పడ్డాయి, ముగ్గురికి గాయాలు, ఒకరిని తరలించాం, ఇద్దరు డ్యూటీలోనే ఉన్నారు. ఆ ‘ఇద్దరు’ ఎవరో చెప్పే ఒక్క సాక్షి దొరికితే కేసు నిలబడుతుంది. ఇక ఇంట్లోనూ వెతకాలి. గాయం సంగతి చెబుతూ సైన్యం పంపిన టెలిగ్రాం, అప్పట్లో తల్లికి రాసిన ఉత్తరం, తేదీ ముద్ర ఉన్న కవరు, ఊరి పత్రికలో పడ్డ నాలుగు లైన్ల వార్త. ఇవాళ కూర్చుని రాసిన అఫిడవిట్ కంటే ఆ రోజుల్లో, పతకం ఆలోచనే లేకుండా రాసిన ఉత్తరం ముక్కకు విలువెక్కువ.

సాక్షుల అఫిడవిట్లు మాత్రం రాసే పద్ధతిలో రాయాలి. ‘అతను చాలా ధైర్యవంతుడు, పతకానికి అన్ని విధాలా అర్హుడు’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు. తాను ఎక్కడ నిలబడి ఉన్నాడు, ఎంత దూరం నుంచి చూశాడు, తేదీ ఏది, గాయం ఒంట్లో ఎక్కడ, కట్టు కట్టిందెవరు, ఇవి కావాలి. స్వయంగా చూసిన ఇద్దరు, ప్రమాణపూర్వకంగా, ఒకరి మాటలు ఇంకొకరు కాపీ కొట్టకుండా రాస్తే బలం. పాత స్నేహితులు ఫోన్లో మాట్లాడుకుని ఒకే వాక్యాలతో రెండు కాగితాలు పంపితే, నిజం చెప్పినా అనుమానం వస్తుంది.

ఇక బోర్డు సంగతి. 1946కు ముందు సైనిక రికార్డులో తప్పు దిద్దాలంటే ఆ ఒక్క మనిషి కోసం అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో ప్రైవేటు బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ భారం వదిలించుకోవడానికి 1946లో చట్టం చేసి, పౌరులతో కూడిన బోర్డులకు అప్పగించారు. ఆర్మీకి ఒకటి, నేవీకి, మెరైన్లకు కలిపి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కు ఒకటి, కోస్ట్ గార్డ్‌కు వేరుగా ఒకటి. దరఖాస్తు ఫారం డీడీ 149, ఫీజు లేదు. అయితే నేరుగా అక్కడికి వెళ్లకూడదు. ముందు రికార్డుల కేంద్రానికి స్టాండర్డ్ ఫారం 180 పెట్టి మొత్తం ఫైలు తెప్పించుకోవాలి, ఆర్మీ అయితే కెంటకీలో ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న అవార్డుల విభాగాన్ని అడగాలి. కింది మెట్టు దగ్గర తేలే పనికి పై మెట్టు ఎక్కితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఫైలు చూడకుండా దరఖాస్తు పెట్టేవాళ్లు ఉంటారు, అది కళ్లకు గంతలు కట్టుకుని బాట నడవడమే.

తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలని చట్టం. ఇది చూసి చాలామంది ఆశ వదిలేసుకుంటారు, కానీ న్యాయం కోసం అవసరమనిపిస్తే గడువు పక్కన పెట్టే అధికారం బోర్డుకుంది, పతకాల కేసుల్లో తరచూ పెడుతుంది కూడా. అందుకని ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదో నిజాయితీగా రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. ప్రభుత్వ కాగితం సరిగానే ఉందన్న నమ్మకంతో బోర్డు మొదలుపెడుతుంది, తప్పని చూపించే బాధ్యత అడిగినవాళ్లది. క్రిమినల్ కేసులోలా అణుమాత్రం అనుమానం లేకుండా నిరూపించనక్కర్లేదు, త్రాసు ఇటువైపు కాస్త మొగ్గితే చాలు. నేరుగా హాజరై మాట్లాడే అవకాశం చాలా అరుదు, దాదాపు అంతా కాగితాల మీదే. చట్టం ప్రకారం 90 శాతం కేసులు పది నెలల్లో తేలాలి, ఏదీ పద్దెనిమిది నెలలు దాటకూడదు. కాదన్నా దారి మూసుకుపోదు, ఇంతకుముందు చూపించని కొత్త ఆధారం దొరికితే మళ్లీ చూడమని అడగొచ్చు. అందుకే తిరస్కరణ లేఖను కోపంతో పక్కన పడేయకుండా చదవాలి. ఏ కాగితం లేక కాదన్నారో అందులోనే ఉంటుంది.

రెండో రకం పతకాల కథ ఇంకా బరువైనది. పై స్థాయి శౌర్య పతకాలకు ఘటన జరిగిన మూడేళ్లలో సిఫార్సు వెళ్లాలి, అయిదేళ్లలో పతకం ఇవ్వాలి. ఆ గడువు దాటితే, కాంగ్రెస్ సభ్యుడి ద్వారా సిఫార్సు పంపితే పరిశీలించాలని ఇంకో చట్టం ఉంది. అందులో పెద్ద చిక్కు, సైనికుడు తనను తాను సిఫార్సు చేసుకోలేడు. తన పై అధికారి గానీ, కళ్లారా చూసిన మరొకరు గానీ రాయాలి. అరవై ఏళ్ల తర్వాత ఆ పై అధికారి ఎక్కడుంటాడు, బతికే ఉన్నాడా, ఉంటే ఆ రోజు గుర్తుందా?

సిఫార్సు రాసినా కాగితం పోవచ్చు. పారిస్ డేవిస్ 1965 జూన్‌లో వియత్నాంలో బాంగ్ సాన్ దగ్గర దాదాపు 19 గంటల పోరులో, తాను గాయపడి కూడా, తన మనుషులను వదలకుండా బయటికి తెచ్చిన స్పెషల్ ఫోర్సెస్ కెప్టెన్. మెడల్ ఆఫ్ ఆనర్‌కు సిఫార్సు వెళ్లింది, ఫైలు కనిపించకుండా పోయింది. 1969లో విచారించి మళ్లీ పంపమన్నారు, మళ్లీ పోయింది. ఆ రోజుల్లో స్పెషల్ ఫోర్సెస్‌లో ఉన్న అతి కొద్దిమంది నల్లజాతి అధికారుల్లో ఆయన ఒకరు, ఫైలు రెండుసార్లు పోవడానికి, దీనికి సంబంధం లేదని నమ్మడం కష్టం. కలిసి పనిచేసినవాళ్లు, స్వచ్ఛంద సేవకులు కాగితాలన్నీ మొదటి నుంచి కూర్చితే 2023 మార్చి 3న, 57 ఏళ్ల తర్వాత, పతకం ఆయన మెడలో పడింది. ఇది ఒక్క మనిషి సంగతే కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఇన్నేళ్లకు కూడా ఆ యుద్ధపు మెడల్ ఆఫ్ ఆనర్ ఒక్క నల్లజాతి సైనికుడికీ రాలేదని గమనించి, 1993లో సైన్యం షా విశ్వవిద్యాలయం చేత పరిశోధన చేయించింది. దాని ఫలితంగా 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చారు. అప్పటికి బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కరే.

గార్లిన్ కానర్ కథ బోర్డులతో తలపడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. 1945 జనవరి 24న ఫ్రాన్స్‌లో హౌసెన్ దగ్గర ఆయన టెలిఫోన్ తీగ చుట్ట పట్టుకుని ముందుకు పరుగెత్తి, లోతు లేని గుంటలో పడుకుని, ఫిరంగి గుళ్లు ఎక్కడ పడాలో మూడు గంటల పాటు చెప్పారు, శత్రువు దగ్గరికొచ్చేసరికి తానున్న చోటే కొట్టమన్నారు. దానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ వచ్చింది. దాన్ని మెడల్ ఆఫ్ ఆనర్‌గా పెంచాలన్న అభ్యర్థనను ఆర్మీ బోర్డు 1997లో కాదంది, 2000లో కొత్త ఆధారం లేదంది. కానర్ 1998లోనే చనిపోయారు. 2006లో ప్రత్యక్ష సాక్షుల అఫిడవిట్లు మూడు బయటపడ్డాయి. భార్య పాలీన్ కోర్టుకెక్కితే, ఆరేళ్ల గడువు దాటిందని 2014లో జిల్లా జడ్జి కొట్టేశారు. అప్పీలులో మధ్యవర్తిత్వం కుదిరి కేసు మళ్లీ బోర్డుకు వెళ్లింది, 2015లో బోర్డు ఆమెకు అనుకూలంగా చెప్పింది, 2018 జూన్ 26న వైట్‌హౌస్‌లో పతకం అందుకున్నది ఆమె. ఈ ఇరవై ఏళ్లలో కానర్ ధైర్యం పెరగలేదు, తగ్గలేదు. మారింది మూడు అఫిడవిట్లు.

వేవర్లీ వుడ్సన్ ఫైలైతే సెయింట్ లూయిస్ మంటల్లోనే పోయింది. 1944 జూన్ 6న, మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లో దిగిన రోజున, ఒమాహా తీరంలో తాను గాయపడి కూడా దాదాపు 30 గంటల పాటు క్షతగాత్రులకు వైద్యం చేసిన నల్లజాతి మెడిక్ ఆయన, అప్పట్లో దక్కింది బ్రాంజ్ స్టార్. ఆయన పేరు పెద్ద పతకానికి పరిశీలనలో ఉందని చూపించే పాత నోటు ఒకటి మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పత్రాలు దాచిన ట్రూమన్ లైబ్రరీలో దొరికింది. సైన్యం ఫైలు సైన్యం దగ్గర లేదు, కానీ దాని జాడ ఇంకొకరి పెట్టెలో మిగిలింది. ఆయన 2005లో పోయారు, భార్య పట్టు వదల్లేదు, 2024లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ వచ్చింది.

సైనికుడు చనిపోయాక కూడా భార్య, పిల్లలు లేదా వారసులు అడగొచ్చు. ఫైలు తీసుకునే విషయంలో మాత్రం దగ్గరి బంధువు అంటే మళ్లీ పెళ్లి చేసుకోని జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అంతవరకే. మనవళ్లు ఆ లెక్కలోకి రారు. అయితే డిశ్చార్జి అయి 62 ఏళ్లు దాటిన ఫైళ్లు ఆర్కైవ్స్‌కు చేరి, ఎవరైనా తీసుకునేలా మారతాయి. అమెరికన్ లీజన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో ఈ ఫారాలు నింపడంలో చేయి తిరిగినవాళ్లు ఉచితంగానే సాయం చేస్తారు, డబ్బు తీసుకుని పతకం ఇప్పిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లే అవసరమే లేదు.

బోర్డు సరేనన్నాక ఇంటికి వచ్చేది చాలా చిన్న కాగితం. పాత 214ని చించేసి కొత్తది ఇవ్వరు, డీడీ ఫారం 215 అని ఇంకొకటి పంపుతారు. ఫలానా గడిలో ఉన్నది తీసేసి ఇది చదువుకోవాలనో, ఫలానా పతకం చేర్చాలనో ఒకటి రెండు లైన్లు, తేదీ, సంతకం, అంతే. రెండూ ఒకే కవర్లో పెట్టి దాచుకోవాలి, నకళ్లు తీసి పిల్లల దగ్గరా ఉంచాలి, ఎందుకంటే 215 చూపించకపోతే ఆఫీసుల్లో ఇంకా ఆ పాత 214లో ఉన్నదే చదువుతారు.